తాలు కలపని రంగు

గుల్షన్ రంగును శుద్ధి చేసే గాజు గొట్టాన్ని రబ్బరు ముక్కతో చుట్టూ మెల్లగా తడుతోంది. లోపల పోసిన తెల్లటి సిలికా పొడిలో ఒక్క గాలి బుడగ మిగిలినా రంగు వంకరగా దిగుతుంది, మంచీ చెడూ కలిసిపోతాయి. ఈ తట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాలుగు గొట్టాలు చెడగొట్టి నేర్చుకుంది.

అది 2008 ఏప్రిల్. పెదకాకాని దారిలో పాత పత్తి గోదాములో పెట్టిన చిన్న ల్యాబు. యజమానీ కెమిస్టూ నాగేంద్రబాబే. విదేశంలో ఎవరో పరిశోధకులు యాభై మిల్లీగ్రాముల రంగు అడిగారు. యూవీ దీపం కింద పచ్చగా వెలిగే రంగు, దానికో పొడుగాటి తోక. ఒంట్లోని చెడ్డ ప్రోటీన్‌ను పట్టించి నాశనం చేయించే మందు ఒకటి వాళ్లు తయారు చేస్తున్నారట. తోక చివరి కొక్కెం ఆ మందుకు టక్కున తగులుకుంటుంది. మందు కణంలో ఎక్కడికి చేరిందో ఆ వెలుగును బట్టి చూసుకుంటారు.

ఈ ల్యాబుకు రాకముందు పదిహేనేళ్లు గుల్షన్ గుంటూరు మిర్చి యార్డులో కాయల తొడిమలు తీసింది, రంగు చచ్చిన తాలు కాయలు ఏరింది. ఆ ఘాటుకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. "ఇంకో సీజను కాయల్లో కూర్చున్నావంటే మళ్లీ నా దగ్గరకు రానక్కర్లేదమ్మా" అన్నాడు డాక్టరు. ఆ పని కాక ఆమెకు వచ్చింది ఈ పనొక్కటే.

కిందటి వారం తప్పు చేసింది. తయారైన రంగులో ఇంకా కాస్త తడి ఉందని పళ్లెంలో పల్చగా పరిచి కిటికీ దగ్గర ఎండలో పెట్టింది. మిరపకాయకు ఎండే ప్రాణం, చెయ్యి అలవాటు కొద్దీ అటే పోయింది. మధ్యాహ్నానికి నారింజ రంగు పోయి ఎండుగడ్డి రంగు తేలింది. దీపం కింద పెడితే సగం వెలుగు లేదు. తనే వెళ్లి చెప్పింది.

"వడియాలనుకున్నావా?" నాగేంద్రబాబు అరిచాడు. "సరుకు ఇంకొక్కసారికే ఉంది. ఈసారి యాభై రాకపోతే యార్డుకే పో."

ఈసారి కిటికీలకు నల్లగుడ్డ కట్టింది. గొట్టం నుంచి చుక్కచుక్కగా దిగిన రంగును ముప్ఫై సీసాల్లో పట్టింది. ఒక్కో సీసా నుంచి చుక్క తీసి, సిలికా పూసిన పలక మీద పాకించి దీపం కింద చూసింది. ఒకే మచ్చ కనిపించినవి ఉంచింది, పక్కన నీడలాంటిది ఉన్నవి తీసేసింది. చీకట్లోనే ఆరబెట్టి మర్నాడు తూచింది.

నలభై ఒకటి.

నాగేంద్రబాబు ఆ పాత పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇందులోంచి తొమ్మిది కలుపు."

"అది తాలు సార్."

"తాలు కలపని మిర్చి టిక్కీ బస్తా యార్డులో ఎక్కడన్నా చూశావా?"

"చూళ్లేదండి. కారంలో పడితే నాలుక్కి తెలిసిపోద్ది. ఇది అట్టా తెలీదు. వెలగకపోయినా తోక తగులుకుంటది. మందు చేరినా చేరలేదనుకుని పారేస్తారు."

"వాళ్ల మందు సంగతి నీకెందుకు? నీ దగ్గు సంగతి చూసుకో."

గుల్షన్ పళ్లెం తీసుకుంది. ద్రావకం పోసి కడిగి, ఆ కడిగిన ద్రావకాన్ని వ్యర్థాల డబ్బాలో పోసింది.

నాగేంద్రబాబు ఖాళీ పళ్లెం లాక్కున్నాడు. "రేపట్నించి రావద్దు."

"అట్టాగే సార్."

శుభ్రమైన రంగును గోధుమరంగు సీసాలోకి ఎత్తి మూత బిగించింది. చీటీ మీద 41 అని రాసి అంటించింది. వెలుతురు సోకకుండా సీసాకు రేకు చుట్టి, అతని చేతిలో పెట్టింది.