కత్తిరించేసిన మసక

ప్రయోగశాలలో ఆమెను అందరూ జెల్ అక్క అనేవారు. ఉద్యోగ విరమణ చేసి ఏడాదైనా మనసు ఆ మూడో అంతస్తు గది చుట్టూనే తిరుగుతోంది. ఫ్రిజ్ మూలుగు, మంచు డబ్బా, ఎదురుగా ఆ ప్రయోగశాల నడిపే మేడమ్. ఎంత బాగుండేవో ఆ రోజులు!

చేరిన రోజే మేడమ్ ఓపిగ్గా చెప్పింది.

"కణంలో ప్రొటీన్లన్నీ సరిగ్గా మడత పడవమ్మా. వంకరపోయినవాటికి కణం చీటీలు అంటిస్తుంది, ఒకదాని వెనక ఒకటి. ఆ చీటీల గొలుసు చూసి కణంలోనే ఉండే ఓ యంత్రం వాటిని లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలతో మళ్లీ కొత్తవి."

"మా అత్తయ్య పాత స్వెటర్ విప్పి కొత్తది అల్లినట్టా?"

"అచ్చం అంతే!"

యంత్రాన్ని ఆపే మందు వేస్తే చీటీలున్నవి పోగుపడాలి. కణాల రసాన్ని, ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ పలకలో పరిగెత్తించి, ఫిల్మ్ తీసి, పుస్తకంలో అంటించడం అక్క పని. అక్కకి శుభ్రం పిచ్చి. ఫిల్మ్ మీద ప్రొటీన్ గీత మాత్రం ఉంచి, పైనున్న మరకలు కత్తిరించి పారేసేది. పాఠాలతో తీరికలేని మేడమ్ పుస్తకమే చూసేది. మూడు నెలలైనా చీటీల జాడ లేదు. సోమవారం నిధులిచ్చే కమిటీ ముందు మేడమ్ ఓటమి ఒప్పుకుని పని మూసేద్దామనుకుంది.

శుక్రవారం మేడమ్ ఎవరికో చెబుతుంటే అక్క విన్నది. "చీటీలతో బరువెక్కితే జెల్‌లో కిందికి దిగవు. పైనే మసకగా అలుక్కుపోవాలి."

అంటే తను కత్తిరించి పారేసిన మరకలే అవి! ఆ వారం కత్తిరింపులు ఇంకా చెత్తబుట్టలోనే ఉన్నాయి. పారబోస్తే ఎవరికీ తెలియదు. చెబితే ఊడేది తన తాత్కాలిక ఉద్యోగం. అయినా ఏరుకుని వెళ్లింది.

"నేనే కత్తిరించాను మేడమ్. పుస్తకం నీటుగా ఉండాలని."

మేడమ్ వాటిని వెలుతురుకి పట్టి చూసింది. మందు వేసిన వరసల్లోనే మసక! ఆమె కళ్లు చెమర్చాయి.

"మూడు నెలలు నా జవాబుని చెత్తబుట్టలో పోశావు కదే తల్లీ!"

"తిట్టండి మేడమ్."

"తిట్లు తర్వాత. ముందు కొత్త జెల్ పొయ్యి."

సోమవారం కత్తెర పడని ఫిల్మ్ కమిటీ ముందుకు వెళ్లింది. పని నిలబడింది, అక్క ఉద్యోగమూ నిలబడింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు, అక్క గుర్తుచేసినప్పుడల్లా మేడమ్ నవ్వేసేది. "తిడతాలే, తొందరేముంది?"

పోయిన నెల మేడమ్ పోయిందని కబురొచ్చింది. ఇప్పుడు అక్కకి ఆ తిట్లు తినాలని ఎంతగానో ఉంది.