నవ్వుమని నేనే చెప్పిన

గా ఫోటో తీసింది నేనే. అందుకే ముందుగాల నా మీద నాకే అసయ్యమైతది.

హైదరాబాద్‌ల ఒక కంపెనీల నా కొలువు. కంపెనీ ఊర్లకు ఏం మంచి చేస్తుందో ఫోటోలు తీసి, ఏటేటా అచ్చేసే రిపోర్టుల పెట్టాలె. మీ అమ్మమ్మది కోరుట్ల గదా, నీకు గీ మాట అస్తదని మా సార్ సిరిసిల్లకు నన్నే తోలుకపోయిండు.

సాంచెలు, అంటే బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడిపేటోళ్లకు చెవుల పరీక్షల క్యాంపు అది. రేకుల షెడ్డుల సాంచెలన్నీ ఒక్కపారి కొడుతుంటే నేను రెండు నిమిషాలు నిలవడలే. గా సప్పుడులనే ముప్పై ఏండ్ల సంది బట్ట నేస్తున్నడు ఒక కాక. చెవులు దాదాపు పోయినయి. పోగు తెగితే సప్పుడు మారుతది, అది ఇని సాంచె ఆపాలె. కాక ఇనలేక, ఒక్కో సాంచె మీద అరచెయ్యి పెట్టి చూస్తుండు, నాడి చూసినట్టు. అన్ని సాంచెలకు రెండు చేతులు ఏడ సరిపోతయి? బట్ట ఖరాబైతున్నది. సాంచెల ఆసామి అప్పటికే చెప్పిండట, "చెవులకు మిషన్ పెట్టుకుంటే ఉండు, లేకుంటే ఇంటికాడ కూసో" అని.

కాక చెవులకు పరీక్ష చేసే హెడ్‌ఫోన్ పెట్టిండ్రు. ఏదో సప్పుడు తగిలినట్టుంది, ఎగిరిపడ్డడు.

"ఇనబడుతున్నది బిడ్డా! గిది నాకేనా?" అని ఒర్రిండు.

నేను ఫోన్ల ఫ్రేం చూసుకుంట, "ఆఁ కాకా, ఆఁ, ఇటు చూడు, జర నవ్వు" అన్న. ఫోటో కాంగనే హెడ్‌ఫోన్ తీసి ఇంకొకలకు పెట్టిండ్రు. కాక చెయ్యి ఇంకా చెవి కాడనే ఉన్నది. పక్కనున్న ఆయన బిడ్డ నా నంబర్ తీసుకున్నది.

వాపస్ వస్తుంటే కార్ల అడిగిన, "మిషన్లు ఎప్పుడిస్తం సార్?"

"మన ప్రాజెక్టు పరీక్ష చేసుడు వరకే. ఫోటోలైతే మస్తొచ్చినయి."

రిపోర్టుల పేజీ నిండ కాక నవ్వు. 'ఇప్పుడు ఈయనకు అన్నీ వినిపిస్తున్నాయి' అని కింద సార్ రాసిండు. అచ్చుకు ముందు నాకు పంపిండు. నేను బొటనేలు బొమ్మ కొట్టి, రీల్స్ చూసుకున్న. థూ.

నెలకు కాక బిడ్డ ఫోన్ చేసింది.

"అక్కా, మీ పేజీ ఎవరో వాట్సాప్ గ్రూపుల పెట్టిండ్రు. ఆసామి చూసిండు. 'పుక్యానికి మిషన్ ఇస్తే అమ్ముకొని చెవిటి నాటకమాడుతున్నవా?' అని నాయినను పనిల నుంచి తీసేసిండు. ఇయ్యలేదని మీరన్నా చెప్పుండ్రి."

సార్ దగ్గరికి ఉరికిన. "అబద్ధమని రాసియ్యుండ్రి సార్."

"పాగల్ అయినవా? డైరెక్టర్లు చూసిన రిపోర్టది!"

తెల్లారి సిరిసిల్ల బస్సెక్కిన. షెడ్డుల ఎంత ఒర్రినా ఆసామికి నా మాట అందలే. ఫోన్ల టైపు చేసి మొఖం ముందట పెట్టిన: మిషన్ ఇయ్యలే. ఫోటో తీసింది నేనే.

చదివి బయటికి నడిచిండు. "ఇంత చదువుకొని గిదా మీ పని? సరే, రమ్మను. కని సగం సాంచెలే ఇస్త. చెవులైతే ఇంకా గట్లనే ఉన్నయి గదా."

గా మాట చెప్పెటందుకు కాక ఇంటికి పోయిన. గల్మల గడప మీద కూసున్నోడు నన్ను చూసి లేచి నిలవడ్డడు.

"తెచ్చినవా బిడ్డా?" అని నా చేతుల దిక్కే చూసిండు.

చేతిల ఫోన్ ఒక్కటే ఉండె.