చక్రం కింద చిలుకలు

మొన్న మా మరిది కూతురు కొత్త కారు కొన్నది. నన్ను, వాళ్ల అమ్మను ఎక్కించుకుని ఇచ్చోడ బజారంతా ఒక చక్కర్ తిప్పి, మా ఇంటి ముందరి ఎత్తుల తెచ్చి ఆపింది. మా ఇల్లు ఊరి చివర మిట్ట మీద ఉంటది; వాకిట్ల పెట్టిన బిందె సుత తిన్నగ నిలబడదు. కారు ఆగంగనే నా చెయ్యి దానంతట అదే తలుపు మీదికి పోయింది, కండ్లు కాళ్ల దగ్గర ఏదో దేవులాడినయి. పిల్ల ఒక బటన్ పైకి గుంజి, "దిగు పెద్దమ్మా, ఇది ఎటూ పోదు" అన్నది. నిజంగనే పోలే. నేను దిగి, వెనుక చక్రం దిక్కు ఒకసారి చూసి, మనసుల దేవునికి దండం పెట్టుకున్న. ముందు సీట్ల కూసున్న వాళ్ల అమ్మ, అంటే నా తోడికోడలు, నా మొఖం చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో ఆ పిల్లకు తెల్వది.

అప్పట్ల మా రెండు కాపురాలది ఒకటే ఇల్లు, ఒకటే కారు. మా ఆయన, మరిది కలిసి నిర్మల్ల ఎవరి దగ్గర్నో పాతది కొన్నరు. తెల్ల కారు అన్నరు గని నా కంటికి పాలల్ల చాయ కలిపినట్టుండె. దానికి అన్ని బాగనే ఉండె, హ్యాండ్ బ్రేకు తప్ప. గుంజితే కర్రుమని చప్పుడు చేసేది, పట్టేది కాదు. మెకానిక్ దగ్గర వైరు మార్పిస్తే కొన్నాళ్లు మంచిగుండేది, మళ్ల మొదటికే. గేర్ల వేసి ఆపొచ్చు గద అని మీరు అడుగుతరు. మా ఆయన ఒకపారి అట్లనే ఆపి, మరచిపోయి చాబీ తిప్పితే, కారు ఒక్క ఎగురు ఎగిరి మా గోడకే గుద్దింది. అప్పటిసంది గేరు మాట ఎత్తితే ఆయనకు కోపం. అందుకని రాయి. రాయి పెట్టుడు నా పని.

వెనుక సీట్ల ఒక చివర నేను కూసునేది. నా కాళ్ల కాడ గోనెసంచి ముక్క మీద మా చేన్ల దొరికిన నల్లరాయి, మూడు మూలలది. కారు ఆగంగనే నేను దిగి, చక్రం కింద దాన్ని ఇరికించి, "ఆఁ, పెట్టిన" అనాలె. ఆ మాట చెవుల పడేదాక మా ఆయన బ్రేకు మీది కాలు తీసేటోడు కాదు, ఎవ్వరు దిగేటోళ్లు కాదు. పెండ్లిండ్ల కాడ, దవాఖాన కాడ, జైనూర్ దిక్కు చుట్టాల ఊర్లకు పోతే ఆ గుట్టల దారుల కాడ, అందరు నా మాట కోసం ఊపిరి పట్టుకుని కూసునేటోళ్లు. ఇంట్ల నా మాటకు అంత విలువ ఇంకెక్కడ లేకుండె. నేను బడి మొఖం చూసినదాన్ని కాదు, మా బాపు ఇంట్లనే పలక మీద దిద్దించిన అక్షరాలే నా సదువు. అసొంటిదాని చేతుల దేవుడు ఇంతమంది పాణం పెట్టిండని మురిసిపోయేదాన్ని.

ముందు సీటు మాత్రం చెల్లెది. తోడికోడలిని నేను చెల్లె అనే పిలుస్త. కారు మలుపు తిరిగితే చాలు, ఆమెకు కడుపుల తిప్పుతది. అందుకని మా మరిది వెనుకకొచ్చి, నాకు, అత్తమ్మకు ఆనుకుని ఇరుకుల కూసునేటోడు. చెల్లె మహారాణి లెక్క ముందట. నాకు వాంతులు రావు, అది నా తప్పా? ఒక్కపారన్న రావాలని అద్దం మూసి, నిమ్మకాయ దూరం పెట్టి కూసున్న రోజులు సుత ఉన్నయి. గట్టి కడుపు ఇచ్చినందుకు పొద్దున దేవునికి దండం పెట్టుకుని, పగలంతా అదే కడుపుల మంట పెట్టుకునేదాన్ని. అన్నిటికంటే పెద్ద పరేషాన్ అత్తమ్మతోటి. ఆమె పొగడదు, తిట్టది. ఇద్దరిల ఎవరంటే ఎక్కువ పాణమో బయటపడనియ్యదు. ఎవరి చాయ సగం వదిలేసింది, ఎవరు తల దువ్వితే కండ్లు మూసుకున్నది అని మేమే కనిపెట్టుకుంట ఉండాలె.

ఒక ఎండకాలం చెల్లె తల్లిగారింటికి నిర్మల్ పోయి, వస్త వస్త ఒక చెక్క తెచ్చింది. అక్కడ బొమ్మలు చేసేటోళ్లతోటి చేయించిందట. చక్రం కింద పట్టేటట్టు ఏటవాలుగ కోసి, మెరిసే రంగులేసి, రెండు దిక్కుల రెండు చిలుకలు గీసిండ్రు. వంగకుండ గుంజనీకి తాడు సుత కట్టిండ్రు. ఇంటిల్లిపాది దాన్ని చేతులల్ల తిప్పి తిప్పి చూసిండ్రు. మరిది షోకేసుల పెడ్దామన్నడు. మా ఆయన దాన్ని చక్రం కాడ పెట్టి చూసి, రాయి ఇంక పారెయ్యమన్నడు. నన్నే పారెయ్యమన్నట్టు తాకింది. అత్తమ్మ వేలుతోటి చిలుక రెక్కను నిమిరింది. నాకు అదే ఎక్కువ మండింది. ఇన్నాళ్లు నా రాయిని ఒక్కనాడన్న నిమిరిందా? ఆ రోజుసంది చెక్క పెట్టుడు సుత చెల్లెకే పోయింది.

ఆ శ్రావణంల ఒక శనివారం గుట్ట మీది ఆంజనేయస్వామి దర్శనానికి పోయినం. కారు సగం గుట్ట దాకనే పోతది, ఆ మీద మెట్లు. అత్తమ్మకు మోకాళ్లు పనిచేస్తలేవు, కారులనే కూసుని చేతులెత్తి మొక్కుతది. ఆమెను దించాలంటే ఇద్దరు చెరో రెక్క పట్టాలె. అన్నదమ్ములు ముందుగ పోయొస్తమని మెట్లెక్కిండ్రు. కారు మూతి మీదికి, వెనుక భాగం లోయ దిక్కు. చెల్లె చక్రం కింద చిలుకల చెక్క పెట్టింది. మేమిద్దరం కారు నీడకు నిలబడి కొబ్బరికాయల పీచు తీస్తున్నం. జర సేపటికి లోపలినుంచి అత్తమ్మ, కారు నడుస్తున్నట్టుందే అన్నది, ఎవరో చుట్టం వస్తున్నట్టుందే అన్నంత నెమ్మదిగ.

చూస్తే చెక్క అణిగిపోతున్నది. అది పొనికి కర్ర. తేలికగ, మెత్తగ ఉంటదనే బొమ్మలకు ఆ కర్ర వాడతరు. దాని మీద మేము కారు బరువు పెట్టినం. చిలుకలు నలిగి రంగు పెచ్చులు రాలుతున్నయి. మొదట నా మనసుకు తృప్తే కలిగింది, భయం ఆ తరువాత వచ్చింది. అప్పటికే చెల్లె డ్రైవర్ సీట్లకు దునికి, రెండు కాళ్లతోటి బ్రేకు తొక్కిపట్టింది. పక్కన కూసుని ఇన్నాళ్లు చూసింది గద, ఏది బ్రేకో ఎరుకే. నేను దారి పక్కన దొరికిన రాయి తెచ్చి ఇంకో చక్రం కింద దోపిన. అది గుండ్రటిది, జారుతున్నది. కాలుతోటి అదిమి పడితేనే నిలుస్తున్నది. ఆమె కాలు తీస్తే కారు పోతది, నేను కాలు తీస్తే రాయి పోతది. లోపల అత్తమ్మ. ఆమెను దించనీకి ఇద్దరం కావాలె, ఇద్దరం కట్టేసినట్టున్నం. అక్కడ ఫోన్ సిగ్నల్ దొరకది. మీదికి కేకేస్తే గుడి గంటలల్ల కలిసిపోయింది. ఆ గండంల సుత నా బుద్ధి చూడుండ్రి: రేపు ఇంట్ల బ్రేకు తొక్కింది చెల్లె అనే చెప్పుకుంటరు, రాయి తొక్కినదాన్ని ఎవరు యాదిపెట్టుకుంటరు అనిపించింది.

"అక్కా," అన్నది చెల్లె. "పొనికి మెత్తగుంటదని నాకు తెల్వదా? నిర్మల్ల పుట్టినదాన్ని."

"తెలిసి ఎట్ల తెచ్చినవు మరి?"

"నీ రాయి పోవాలని. కారు ఆగితే అందరు నీ దిక్కే చూస్తరు. నువ్వు పెట్టిన అన్నదాక బావ కదలడు. నేనేమో ముందట కవర్ పట్టుకుని కక్కుకుంటుంట. నా మొఖం ఎవలు చూస్తరు?"

నేను ఏ సీటు మీద కుళ్లుకున్ననో, ఆ సీట్లనే కూసుని ఆమె నా రాయి మీద కుళ్లుకున్నది. ఆ సీటు కోసం వాంతులు రావాలని నేను మొక్కుకున్న సంగతి చెప్పిన. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే కాలు సడలింది. కారు కిందికి జరిగి, నా కాలి కింద రాయి కదిలింది.

"కాలు తియ్యకు బిడ్డా" అన్నది అత్తమ్మ.

"తియ్య అత్తమ్మా" అన్నం, ఇద్దరం ఒకటేసారి. ఆమె నోట బిడ్డా అనే మాట వినుడు మాకు అదే మొదలు.

అత్తమ్మనే మళ్ల అన్నది. "మీ మామకు అన్నదమ్ములు లేరు, నాకు తోడికోడలు లేకుండె. కుళ్లుకుందామన్నా ఇంట్ల మనిషి లేక గోడల దిక్కు చూసుకుంట బతికిన. మీకేమే, ఒకలకొకలున్నరు."

అన్నదమ్ములు దిగొచ్చిండ్రు. పరుగెత్తి రెండు చక్రాల కింద బండలు పెట్టిండ్రు. మేమిద్దరం చెరో రెక్క పట్టి అత్తమ్మను దించినం. ఆమె బరువంతా నా దిక్కే వేసింది. చెల్లెను అడిగితే తన దిక్కే అంటది.

ఇంటికి వచ్చేటప్పుడు ఇద్దరిది ఒకటే ఆలోచన, ఆ బిడ్డా అనే మాట ఎవరితోటి అన్నది? బ్రేకు మీది కాలు ఆమెది, రాయి మీది కాలు నాది. అత్తమ్మ కాళ్లు ఒత్తుకుంట అడుగుదామని ఎన్ని పొద్దులు అనుకున్ననో. చెల్లె పేరు చెప్తదేమోనని అడగలే. చెల్లె సుత నా పేరు చెప్తదనే భయానికి అడగలేదట. ఇప్పుడు అడుగుదామన్నా అత్తమ్మ లేదు. కాలం మా చేన్లు పంచింది, పొయ్యిలు వేరు చేసింది, ఒక ఇంటిని రెండు ఇండ్లు చేసింది. ఆ ఒక్క మాటను మాత్రం పంచకుండ మా ఇద్దరి నడుమ ఉంచింది. అందుకు రోజూ దీపం కాడ దండం పెట్టుకుంట, అది నాదేనని సుత రోజూ అనుకుంట.