బంద్ అంటే ఏది?

ఇబ్రహీంపట్నం దగ్గర మందుల ఫ్యాక్టరీలో యాంటీబాడీలను శుద్ధి చేసే పని నాది. ఇదివరకు ఆ ద్రవం పూసలు నింపిన, స్తంభంలాంటి పెద్ద కాలమ్‌లోంచి మెల్లగా దిగేది. షిఫ్టంతా దానికే పోయేది. విసుగే, కానీ తప్పు జరిగితే దిద్దుకునే వ్యవధి ఉండేది.

తర్వాత కాలమ్ తీసేసి మెంబ్రేన్ డబ్బా పెట్టారు. దానిలోని పలచటి పొరలకు యాంటీబాడీలు అంటుకుంటాయి, మిగతాదంతా దూసుకుపోతుంది. ఉత్పత్తి పెరుగుతుందని పైవాళ్లు మురిసిపోయారు. మురిసినవాళ్లెవరూ ఆ పంపు పక్కన నిలబడలేదు. నిలబడ్డ నాకు తెలుసు, ఆ వేగంలో తప్పు దిద్దుకునే వ్యవధి లేదని.

మొదటి బ్యాచ్ నడుస్తుండగా గొట్టంలో గాలి బుడగలు కనిపించాయి. గాలి చేరితే పొరలు సరిగా పనిచేయవు. కాలమ్ మీద ఏళ్లుగా చేసిన సీనియర్ నా పక్కనే ఉన్నాడు.

"అన్నా, బంద్ చెయ్యి!" అని అరిచాను.

ఆయన పంపు ఆపలేదు. ద్రవం బయటికి పోయే వాల్వు మూసేశాడు. వెనక నుంచి పంపు తోస్తూనే ఉంది. ప్రెషర్ ముల్లు ఎర్రగీత దాకా లేచింది. ఇంకాస్త ఆగితే డబ్బా పగులుతుంది. పరిగెత్తి ఎర్ర బటన్ గుద్దాను. పంపు ఆగింది.

"వాల్వెందుకు మూసినవ్ అన్నా?"

"నువ్వే గదా చెల్లె, బంద్ చెయ్యమన్నవ్!"

ఆపడానికీ, మూయడానికీ మాకున్నది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు ఇంట్లో అమ్మ "జర బంద్ చెయ్ బిడ్డా" అని కేకేసినా నా చెయ్యి లేవదు. "ఏదమ్మా?" అని అడుగుతూ నిలబడతాను, కళ్లముందే పాలు పొంగిపోతున్నా.