మొక్కుబడి జుట్టుకు రాగిసంగటి

ఆ సంవత్సరం నా తలమీది జుట్టు నాది కాదు. డెబ్బైల దశాబ్దం ముగియవస్తున్న కాలమది. హోసూరులో ఒక పాఠశాలలో తెలుగు పండితుడిగా కొత్తగా చేరి, మా అన్నగారి కిరాణా అంగడి వెనుక ఉన్న ఇంట్లోనే కాపురముంటున్నాను. అప్పుడు పట్టిన టైఫాయిడు జ్వరం మూడు వారాలు నన్ను మంచం దిగనివ్వలేదు. వైద్యుడు పెదవి విరిచిన నాడు మా అమ్మ తిరుపతి దిక్కుకు తిరిగి చేతులెత్తి, బిడ్డ లేచి కూర్చుంటే వాడి తలనీలాలు సమర్పిస్తానని మొక్కుకుంది. నేను లేచి కూర్చున్నాను. స్వామి తన వంతు నెరవేర్చాడు. ఇక మా వంతు మిగిలింది.

అంతలో మా పెదనాన్నగారు కాలం చేశారు. ఇంటివారు పోతే ఏడాదిపాటు కొండ ఎక్కరాదని మా ఆచారం. "జుట్టు యాడికి పోతుందిలే, ఏడాది నిలిస్తే ఇంకా పెరుగుతుంది" అని అమ్మ సమాధానపడింది.

అది ఎక్కడికి పోతుందో కొద్ది నెలలకే తెలిసివచ్చింది. దువ్వెన పెడితే దువ్వెనకు, తువాలు చుడితే తువాలుకు, తలవాల్చితే దిండుకు, తల వంచితే సాంబారుకు పోసాగింది. తరగతిలో నల్లబల్ల ముందు నిలిచి ఉత్పలమాలకు గణాలు విడదీస్తుంటే, గణాలకంటె ముందుగా వెంట్రుకలు విడివడేవి. ఇరవయ్యారేళ్ళ బ్రహ్మచారిని గనుక నా విచారం నాకుండేది. అమ్మ విచారం వేరు.

"నీ అందము గంగలో కలవనీరా. అది స్వామి సొత్తు. రేపు కొండమీద నున్నటి తల చూపిస్తే ఆయనకు ఏమని చెప్పేది?"

"తక్కువుండాదని ఆయనేమన్నా తక్కెడలో పెట్టి తూస్తాడామ్మా?" అన్నాడు అన్న.

"నీ అంగడనుకున్నావేమప్పా, తక్కువ తూచి పొట్లం కట్టేదానికి!" అని అమ్మ అతని నోరు మూయించింది.

మరునాటి నుండి ఆమె రాలిన ప్రతి వెంట్రుకనూ ఏరి, పసుపు గుడ్డలో ముడుపు కట్టడం మొదలుపెట్టింది. పొద్దున్నే నా మంచం చుట్టూ వంగి వంగి తిరిగేది. ఒకనాడు మోకాళ్ళదాకా జడ ఉన్న మా వదిన పరుగున వచ్చింది.

"అత్తా, అత్తా! ఆ పొడుగాటిది నాది! నేనేమీ మొక్కుకోలేదు!"

"పోనీలేమ్మా, పుణ్యమొస్తుంది."

"నాకొద్దు ఆ పుణ్యం! తలకు తల అడిగితే నేను యాడికి పోయేది?" అని వదిన తన వెంట్రుకను తాను లాక్కుని పోయింది.

రోగకారణాన్ని గురించి ఊరిలో ఎవరి సిద్ధాంతం వారిది. మంగలి హోసూరు నీళ్ళను నిందించాడు. అన్న ఛందస్సును నిందించాడు. ఆ గురువులూ లఘువులూ బుర్రలో రాసుకొని వేడి పుట్టి, కుదుళ్ళు మాడిపోతున్నాయట. పొరుగింటామె దిష్టి అన్నది. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేయగా నేను తుమ్మాను. ఆ కుదుపుకు మరికొన్ని రాలాయి. అమ్మ వాటినీ ముడుపులో చేర్చింది. బాగలూరు నుండి మందారాకు తెప్పించి నూనె కాచింది. ఆ నూనె నా నుదుటి మీదుగా జారి పిల్లల వ్యాసపుస్తకాలను సుసంపన్నం చేసిందే గాని, తలకు చేసిన మేలు కనబడలేదు.

చివరకు బస్సెక్కి కృష్ణగిరిలోని ఒక పెద్ద వైద్యుని దగ్గరకు వెళ్ళాము. అమ్మ ముడుపును ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆయన నా తలవెంట్రుకలు నాలుగు లాగి చూసి, "ఏమి తింటావప్పా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. "పత్యమే సార్. పొద్దున బార్లీ గంజి, మధ్యాహ్నము మిరియాల చారన్నము, రాత్రికి మళ్ళా గంజి."

"జ్వరము పోయి ఎన్నాళ్ళాయె?"

"నాలుగు నెలలు."

"ఇంకా పత్యమా! అమ్మా, జ్వరము జుట్టును కదిలించె, మీరు గంజి పోసి సాగనంపినారు."

అమ్మ ముఖం వాడిపోయింది. దేవుని సొత్తుకు తానే గండి కొట్టినట్లయింది. ఆయన జాలిపడి వివరించాడు. "పెద్ద జ్వరం తగిలినాక రెండు మూడు నెలలకు జుట్టు రాలేది మామూలే. కుదుళ్ళు చావలేదు, మళ్ళా వస్తుంది. అయితే అది పప్పులో నుంచి, ఆకుకూరలో నుంచి రావాల. చారులో నుంచి యాడొస్తుంది? గుడ్డు తింటారా?"

"గోవిందా, గోవిందా! మొక్కుబడి జుట్టుకు గుడ్డా!" అని అమ్మ చెవులు మూసుకుంది.

"అట్లయితే రాగిసంగటి, ఉలవలు, మునగాకు, నువ్వులు, పెరుగు."

"సంగటి కూలోళ్ళు తినేది సార్."

"వాళ్ళ తలలు చూస్తివామ్మా?"

అమ్మ ఆయన తలనే చూస్తోంది. అది అద్దంలా మెరుస్తోంది. "మీరు తినలేదా సార్?"

"దండిగా తిన్నాను. నాది మా నాయన ఇచ్చిన ఆస్తి. వంశంలో వచ్చినదానికి సంగటి పని చేయదమ్మా" అని ఆయన నిండుగా నవ్వాడు.

వదిన పుట్టిల్లు గురుబరపల్లి. అక్కడి నుండి రాగులు, ఉలవలు మూటలుగా దిగాయి. వర్తకుల ఇంట సంగటి వండుతున్నారని తెలిస్తే పరువు పోతుందని అమ్మ వీధితలుపు మూసి గెలికేది. కాని ఉలవచారు వాసనకు తలుపులేమి అడ్డం? "ఏమప్పా, ఈ పొద్దు ఉలవలా?" అని బేరానికి వచ్చినవారు బేరం మరచి లోపలికి తొంగిచూసేవారు. నేను సంగటిని నమిలితే, అది నమిలేది కాదు, మింగేదని వదిన నవ్వేది. మునగాకు వేపుడు, నువ్వులుండ, పప్పు, పెరుగు పంక్తిగా నాలో ప్రవేశించాయి. శనివారం శనివారం అమ్మ నన్ను ఎండలో కూర్చోబెట్టి, వాన పడిన చేనిని రైతు చూసుకున్నట్లు నా తలను చూసుకునేది. మొదట గరిక లాంటి మొలకలు తోచాయి. ఏడాది నిండేసరికి దువ్వెన పళ్ళు విరిగేంత జుట్టు! అద్దం ముందు నుండి కదలబుద్ధి కాలేదు. మొక్కును మరో ఏడాది వాయిదా వేయరాదా అని అడిగి, అమ్మ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

కొండమీద మంగలి నా తల తడిపి, సగం గీసి ఆగాడు. "ఏమి జుట్టు సార్ ఇది! కత్తి రెండోసారి నూరాల్సి వచ్చె!"

ఆ మాటతో అమ్మకు ఏడాది బరువు దిగిపోయింది. దాచి తెచ్చిన ముడుపును అక్కడి జుట్టు రాశిలో పడవేసి, కళ్ళొత్తుకుని, వరుసలో ఉన్నవారి వైపు తిరిగింది. "సంగటప్పా, సంగటి! ఉలవలు, మునగాకు! జ్వరం తగిలినాక గంజితోనే సరిపెట్టకండి!" తలలు తడుపుకుంటున్నవారు, గుండ్లకు చందనం పూసుకుంటున్నవారు చుట్టూ మూగారు. జుట్టు వదిలించుకోవడానికి వచ్చిన జనమంతా జుట్టు పెంచే విధానాన్ని శ్రద్ధగా ఆలకించారు.

"గుణం కనబడిందామ్మా?" అన్నాడొక పెద్దాయన.

"కనబడకేమి? మావాణ్ణి చూడండి!" అని అమ్మ నన్ను భుజం పట్టి గర్వంగా వారివైపు తిప్పింది.

అప్పటికి మంగలి మిగతా సగం కూడా పూర్తిచేశాడు. పెద్దాయన నా గుండును ఇటునుండి అటు, అటునుండి ఇటు పరిశీలించాడు.

"మాకొద్దులేమ్మా" అన్నాడు.