కప్పు వైపు తిరిగిన అద్దం: రాబిగ్ నుంచి జెద్దాకు ఒక రోజు

రాబిగ్ నుంచి జెద్దా వెళ్లాలనుకునే ఆడవాళ్లు నన్ను అడిగేది ఒకటే: తెలిసినవాళ్ల ప్రైవేటు కారులో పోవచ్చా, టాక్సీయే మేలా? టాక్సీయే అంటాను. కంపెనీ కార్డున్న డ్రైవరు దొరికితే ఇంకేమీ ఆలోచించకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే నా పాస్‌పోర్టు గడువు ముంచుకొచ్చి జెద్దాలోని మన కాన్సులేట్‌కు పరిగెత్తిన రోజు సంగతి చెప్పాలి. గల్ఫ్ యుద్ధం అయిపోయి పదేళ్లు దాటిన కాలమది. అప్పటి ధరలు ఇప్పుడు లేవు, బయల్దేరే ముందు మీరే కనుక్కోండి.

మా ఆయన రాబిగ్‌లో రిఫైనరీ పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియను. మమ్మల్ని తీసుకెళ్లింది ఖాదర్ అన్న. మాది రాజంపేట, ఆయనది రాయచోటి, అంతకంటే చుట్టరికం ఏం కావాలి? యుద్ధం ముగిసిన కొత్తలో హౌస్ డ్రైవరుగా వచ్చి, అప్పటి నుంచీ ఒకే సౌదీ ఇంట్లో కారు నడిపాడు. మేం వెళ్లేనాటికి ఆ ఇంటి కొడుకులే కార్లు తోలుతున్నారు కాబట్టి కఫీల్‌కు, అంటే ఆయన యజమానికి, డ్రైవరు అవసరం తీరిపోయింది. జెద్దాలో ఏదైనా టాక్సీ కంపెనీ తీసుకుంటే కఫాలా, అంటే వీసా పూచీ, ఆ కంపెనీకి మార్చి ఇస్తానన్నాడు, లేదంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడు. ఊళ్లో ఖాదర్ అన్న కూతురు నర్సింగ్‌లో అప్పుడే చేరింది. కంపెనీ పరీక్ష ఆ రోజే. కఫీల్ పరీక్ష కోసం కారు ఇచ్చి, మమ్మల్నీ ఎక్కించుకొమ్మన్నాడు.

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయల్దేరాం. సముద్రాన్ని కుడివైపు ఉంచుకుని దక్షిణంగా పోయే ఆ రోడ్డు మీద రెండు గంటల లోపు ప్రయాణం. షేరింగ్ టాక్సీలో అయితే మనిషికి ఇరవై రియాళ్లు తీసుకునేవాళ్లు. మా దగ్గర మాత్రం ఖాదర్ అన్న పెట్రోలు డబ్బులు కూడా ముట్టలేదు. టాక్సీ కార్డు చేతికి రాకుండా కిరాయి తీసుకుంటే తప్పన్నాడు. మా ఆయన ముందు సీట్లో, నేను వెనక. దారిలో తువల్ అనే ఊరు దాటాక నాకు కడుపులో తిప్పడం మొదలైంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, పళ్లు బిగబట్టి చాలాసేపు ఓర్చుకున్నాను. చివరికి మా ఆయన భుజం గట్టిగా గిల్లితే గానీ కారు ఆగలేదు. ఖాదర్ అన్న పాపం చాలా నొచ్చుకున్నాడు. అప్పుడు చూశాను, ఆయన ముందున్న అద్దం పూర్తిగా కారు కప్పు వైపు తిరిగి ఉంది.

ఇదేంటన్నా అంటే సిగ్గుపడ్డాడు. "వెనక ఆ ఇంటి ఆడోళ్లు కూర్చుంటారు గదమ్మా. అద్దంలో కండ్లు కలిస్తే మర్యాద గాదని పెద్దామె మొదటిరోజే చెప్పింది. ఆపొద్దు తిప్పినాను, మళ్లా దించలే." వెనక వచ్చే బండ్లను పక్క అద్దాల్లోనే చూసుకుంటాడట. అలాగే ఇన్నేళ్లు ఒక్క గీత పడకుండా నడిపాడు. పరీక్షలో మాత్రం దించన్నా అన్నాం. తప్పకుండా అన్నాడు.

కాన్సులేట్ పని అనుకున్నదాని కంటే తొందరగా అయింది (ఫొటోలు ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడ బయట రెండింతలు గుంజుతారు). కంపెనీ యార్డుకు చేరేసరికి ఎండ ముదిరింది. లైసెన్సు, కళ్ల పరీక్ష, జెద్దా వీధుల మీద ప్రశ్నలు, అన్నీ దాటేశాడు ఖాదర్ అన్న. ఆఖరిది డ్రైవింగ్. ఖాదర్ అన్న కారెక్కి, మాకు మాటిచ్చినట్టే అద్దం దించుకున్నాడు. పరీక్ష పెట్టే సూడానీ పెద్దమనిషి ముందు సీట్లో కాకుండా ప్రయాణికుడిలా వెనక కూర్చుని తలుపేసుకున్నాడు. మేం నీడలో నిలబడి చూస్తున్నాం. తలుపు చప్పుడు వినగానే ఖాదర్ అన్న చెయ్యి దానంతట అదే పైకి లేచి అద్దాన్ని కప్పు వైపు తిప్పేసింది.

కారు పది గజాలు కూడా కదల్లేదు. ప్రయాణికుడిని చూడలేనివాడికి టాక్సీ ఇవ్వనని సూడానీ తేల్చేశాడు. ఖాదర్ అన్న అరబీలో అంతా విడమరిచి చెప్పుకున్నాక కాస్త మెత్తబడి, మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఇంకొక్కసారి చూస్తానన్నాడు.

నమాజు చేసుకుని వచ్చిన ఖాదర్ అన్న మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇది ఏడ్చే సమయం కాదనుకుని వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. మా ఆయన్ని ముందు కూర్చోమని, ఖాదర్ అన్నను అద్దం దించమన్నాను. నేను మొహం ఎట్లా పెట్టానో అద్దంలో చూసి చెప్పాలి, అదే ఆట. యార్డు పక్క సందులో కారు మెల్లగా తిరుగుతోంది. మొదట ఖాదర్ అన్న చూపు అద్దం అంచు దాకా వచ్చి జారిపోయింది. చెయ్యి లేస్తే మా ఆయన పట్టుకుని దించాడు. నేను బుగ్గలు పూరించాను, కళ్లు పెద్దవి చేశాను. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

"అన్నా, నీ కూతురే వెనక కూర్చుందనుకో. ఆ పిల్లకి ఒంట్లో బాగుందో లేదో చూడవా?" అన్నాను.

ఆయన అద్దంలోకి చూసి, నవ్వు ఆపుకుంటూ, "నాలిక బయట పెట్టినావు" అన్నాడు. తర్వాత ఒక్కటీ తప్పలేదు.

రెండోసారి సూడానీ వెనక కూర్చుని తలుపేశాడు. ఖాదర్ అన్న చెయ్యి మళ్లీ లేచింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి అద్దాన్ని అందుకుని, కాస్త కిందికి దించి, స్టీరింగ్ మీదికి వచ్చేసింది. అరగంట తర్వాత కారు దిగిన ఖాదర్ అన్న దూరం నుంచే చెయ్యెత్తి ఊపాడు. కార్డు వారంలో ఇస్తామన్నారట.

సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక తిరుగుముఖం పట్టాం. తువల్ దగ్గర మళ్లీ నా కడుపు తిరగబడింది. చున్నీ నోటి దాకా తీసుకెళ్లానో లేదో, కారు రోడ్డు పక్కకు తిరిగి ఆగింది. "మొగం పాలిపోయిందమ్మా. దిగి గాలి పీల్చుకో, తొందరేం లేదు" అన్నాడు ఖాదర్ అన్న, అద్దంలోంచి నన్నే చూస్తూ.

మర్యాద కోసం చూపు దించుకోవడం నాకూ ఇష్టమే. ఆ రోజు రోడ్డు పక్కన నీళ్లు తాగుతూ మాత్రం, నన్ను చూసే మనిషి బండి నడుపుతుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో తెలిసింది. మీకు నా సలహా ఒక్కటే: టాక్సీ ఎక్కగానే డ్యాష్‌బోర్డు మీద ఫొటో ఉన్న కార్డు చూడండి, ఆ తర్వాత అద్దం చూడండి. అది కప్పు వైపు ఉంటే మొహమాటపడకుండా, "అన్నా, కొంచెం దించు" అనండి.