లెన్సు మీద నాలుగున్నర

ఫోటోలు తీసే సాలమన్ ఎవరి ముఖమైనా తర్వాతే చూసేవాడు. ముందు కెమెరా లెన్సు చుట్టూ చెక్కిన పేరు, అంకెలు చదివేవాడు. చదివి ఊరుకుంటే పంజాగుట్టలో ఆయన్ని ఎవరూ ఏమీ అనకపోదురు. ఎదుటివాడి బుర్రకెక్కేదాకా విప్పి చెప్పేవాడు.

ఒక పెళ్లిలో వధూవరుల్ని నిలబెట్టి ఈ పాఠంలో పడ్డాడు. మొదటి మాట చేసినవాళ్ల పేరట. తర్వాతది ఆ అద్దాల కూర్పు పేరట. పక్క అంకె వెలుతురు వచ్చే వాకిలి ఎంతో చెబుతుందట. చివరి సెంటీమీటర్లు బొమ్మ ఎంత దూరాన కుదురుతుందో చెబుతాయట. అవతల విస్తళ్లు లేచాయి, పెళ్లికూతురు నిలబడే కునుకు తీసింది. ఆయనింకా సెంటీమీటర్ల దగ్గరే ఉన్నాడు.

భార్య దేవమణికి ఇదే దిగులు. ఇంటి ముందరి రేకుల వసారాయే స్టూడియో కాబట్టి, వచ్చిన బేరం పాఠం విని పారిపోతుందేమోనని వంటింట్లోంచి చెవి ఒగ్గి ఉండేది. వినీ వినీ ఆ రాతలన్నీ పాపం ఆమెకూ నోటికొచ్చాయి.

ఒకసారి రాజనర్సయ్య పటేలు వచ్చి, పెద్ద నంబరు లెన్సుతోనే తియ్యమన్నాడు.

“గట్ల కాదు పటేలా. గిది నాలుగున్నర, గది ఎనిమిది. రొట్టెను నలుగురు పంచుకుంటే ముక్క పెద్దగొస్తదా, ఎనిమిదిమంది పంచుకుంటేనా?”

పటేలు చాలాసేపు ఆలోచించాడు. “రొట్టెతోని నాకేం పని? ఎనిమిదే పెట్టు.”

ఎనిమిదే పెట్టాడు. వెలుతురు చాలక, పటేలు ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చోవలసి వచ్చింది. అయినా మీసం కదిలి నాలుగు మీసాలయింది.

అంకె దగ్గర సాలమన్ ఎవర్నీ వదిలేవాడు కాదు. నాలుగున్నరను మాట వరసకు అయిదన్నందుకు, ప్రార్థన ముగించుకొని వెళ్తున్న పాస్టరుగారిని చర్చి మెట్ల మీదే ఆపి సరిచేశాడు. అంకె తప్పు చెప్పడం అబద్ధ సాక్ష్యమేనని ఆయన నమ్మకం.

యుద్ధం రోజులవి. అమీర్‌పేట తోటల్లో కూరగాయలమ్మే బుచ్చమ్మ కొడుకు ఓదెలు పటాలంలో చేరాడు. సాయంత్రమే రైలు. తల్లి ఫోటో జేబులో పెట్టుకొని పోవాలని ఆమెను తీసుకొచ్చాడు. కానీ బుచ్చమ్మకు జబ్బు చేసినప్పటి నుంచి తల ఊగుతూనే ఉంటుంది. అంతకుముందు పట్నంలో ఒకతను తీస్తే ముఖం పొగలా వచ్చిందట, కుదురుగా కూర్చోవడం రాదా అని కసిరాడట.

“నా తలకాయ నా మాట వినదు బిడ్డా. ఫోటో వద్దు, నన్ను యాదిల పెట్టుకొని పోతడు,” అంది.

బతిమాలి కూర్చోబెట్టి తీశాడు సాలమన్. ఫోటో ప్లేటు కడిగి తెస్తే మళ్లీ పొగే. ఓదెలు తల దించుకున్నాడు. బుచ్చమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

సాలమన్ వంగి లెన్సు చదివి, నుదురు కొట్టుకున్నాడు. “తప్పు నీది కాదమ్మా. నంబరు సూసుకోక ఎనిమిది పెట్టిన. ఆగు, నాలుగున్నర పెడత.”

గుమ్మంలో నిలబడ్డ దేవమణి ఉలిక్కిపడింది. కెమెరాకు మొదటినుంచీ బిగించి ఉన్నది నాలుగున్నరే. ఆయన దాన్నే విప్పి, గోడవైపు తిరిగి తుడిచి, మళ్లీ దాన్నే బిగించాడు. బిగిస్తూ పాఠం మొదలుపెట్టాడు. అంకె ఎంత చిన్నదైతే వాకిలి అంత పెద్దదన్నాడు.

“చిన్న నంబరుకు పెద్ద వాకిలా? గిదేం సోద్యం బిడ్డా,” అంటూ బుచ్చమ్మ మోకాలి మీద మోచేయి ఆనించి, బుగ్గన చేయి పెట్టుకుంది. ఆ అరచేతిలో తల కుదురుకుంది. పాఠం ఆపకుండానే సాలమన్ చేతిలోని, ఫోటో తీసే రబ్బరు బుర్ర నొక్కాడు.

ఈసారి ముఖం ముఖంలాగే వచ్చింది. తడి ఆరీ ఆరని ఫోటోను బుచ్చమ్మ చాలాసేపు చూసుకుంది. తర్వాత దేవమణివైపు తిరిగి మెల్లగా అడిగింది. “నంబరేనా బిడ్డా తప్పయింది? నా తల కాదా?”

సాలమన్ రేకుల కప్పువైపు చూడసాగాడు.

“నంబరేనమ్మా,” అంది దేవమణి. “ఈయనకు జర మతిమరుపు.”

“జర కాదు, మస్తు,” అన్నాడు సాలమన్ వినయంగా.

ఓదెలు ఫోటోను జేబులో భద్రం చేసుకొని లేచాడు. “అట్లయితే అన్నా, సాగనంపనీకి టేషనుకు రా. రైలు నంబరు మాత్రం నేనే సూసుకుంట.”